విమానం ముక్కుకు కుంకం

మొన్న ఆత్మకూరు బస్టాండు దగ్గర టీ తాగుతూ, పక్కన ఎవరో ఆపిన మోటారుసైకిలు ఇంజను మీద నాకు తెలియకుండానే అరచెయ్యి పెట్టాను. బండిగలాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందన్నా, ఏమన్నా పోగొట్టుకున్నావా?" అన్నాడు. సిగ్గుపడి చెయ్యి తీసేశాను గానీ నోరు ఊరుకోలేదు. "బాగా వేడెక్కతా ఉండాది, ఆయిలు మార్పించు" అనేశాను. ఆ చెయ్యీ నాది కాదు, ఆ మాటా నాది కాదు. రెండూ మా ఉదయగిరి మామవి. ఆయన పోయి ఆర్నెల్లు కావస్తోంది. పోతూ పోతూ తన జబ్బు నాకు అంటించి పోయాడు.

మామ అంటే రక్తసంబంధం కాదు. ఆయన ముస్లిం, మేము కాదు. మా నాయనా ఆయనా ఉదయగిరి హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చుని ఒకరినొకరు 'బావా' అని పిలుచుకున్నారు, ఆ లెక్కన నాకు మామ అయ్యాడు. ఎయిర్‌ఫోర్సులో ఇంజన్లు విప్పి బిగించే పని చేసి రిటైరయి, ఉదయగిరిలో వాళ్ళక్క దగ్గరికి చేరాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే రోజుకో కారణం చెప్పేవాడు. ఎయిర్‌ఫోర్సు కథల్లో సగం నేను నమ్మలేదు, కానీ ఆ చేతిని మాత్రం నమ్మాను.

ఎవరింటికి వెళ్ళినా ఆయన మొదట మనుషుల్ని పలకరించేవాడు కాదు. నేరుగా వెళ్ళి ఫ్రిజ్జు వెనక చెయ్యి పెట్టేవాడు. తర్వాత టీవీ, తర్వాత నీళ్ళ మోటారు, ఆ తర్వాతే మనం. ఒకసారి మా ఆవిడ జ్వరంతో పడుకుని ఉంటే చూడ్డానికి వచ్చి, మంచం పక్కన తిరుగుతున్న టేబుల్ ఫ్యాను వెనక చెయ్యి పెట్టి "ఇది ఎక్కువ దినాలు రాదు" అన్నాడు. ఏది రాదో అర్థంకాక మా ఆవిడకు ఉన్న జ్వరం కాస్తా దిగిపోయింది. ఫ్యాను మాత్రం ఆయన చెప్పినట్టే వారం తిరక్కుండా కాలిపోయింది. "మనిషి మాట ఇనొద్దురా, మెటలు మాట ఇను. మనిషయితే బాగుండానని అబద్ధం చెప్తాడు" అనేవాడు. మాటలన్నీ ఇలాగే ఉండేవి, తీర్పు చెప్పినట్టు. తప్పని తేలినా గొంతు తగ్గేది కాదు. నిజానికి తప్పినప్పుడల్లా ఇంకాస్త పెరిగేది.

నాది ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు మీద ఫైబరు పని షెడ్డు. తలుపులు, నీళ్ళ ట్యాంకులు, తిరునాళ్ళకు దేవుడి వాహనాల మీద పెట్టే సింహం తలలు, బస్సుల ముందు భాగాలు, ఏది అడిగితే అది పోసి ఇస్తాం. ఒకరోజు మామ ఆటోలో దిగాడు. ఒళ్ళో దుప్పటి చుట్టిన పెద్ద వస్తువేదో ఉంది. చంటిబిడ్డను దించినట్టు జాగ్రత్తగా దించి నా బల్ల మీద పెట్టాడు.

"ఏంది మామా అది?"

"చూస్తే తెలియలా? విమానం ముక్కు."

"ఎవురిదది?"

"నాదే. నా ముక్కు నాకుండాది, ఇది నా విమానానిది."

వరికుంటపాడు దారిలో ఉన్న తన బీడులో రేకుల షెడ్డు వేసుకుని, విడిభాగాలు తెప్పించుకుని ఒక్క మనిషి కూర్చునే చిన్న విమానం కడుతున్నాడని విన్నాను గానీ, ఆ కథను కూడా నమ్మని సగంలో వేశాను. తీరా చూస్తే అది ఎగురుతోందట. పైవాళ్ళ అనుమతులన్నీ చేతికొచ్చాయట. బీడు చుట్టూ రౌండ్లు కూడా కొడుతున్నాడట. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఇంజను లోపల తిరిగే నూనె తట్టుకోలేనంత వేడెక్కుతోంది. ఆ నూనెను చల్లార్చడానికి లోపల చిన్న రేడియేటరు లాంటిది ఉంటుంది. దానికి గాలి తగలాలి. ఆ గాలి రావలసింది విమానం ముక్కు మీద తొడిగిన ఈ ఫైబరు తొడుగు నోళ్ళలోంచి. దీన్ని కౌలింగు అంటారని ఆయన నాకు మూడుసార్లు పలికించి నేర్పాడు.

"కింద తిరిగినంత సేపూ బాగానే ఉంటాది. ముక్కు పైకెత్తి ఎక్కనిచ్చినానంటే నూనె వేడి చూపించే సూది పోయి ఎర్రగీతలో కూర్చుంటాది. ఇంజను పట్టేస్తాదని భయపడి దిగి వస్తా ఉండా."

"ఎక్కడం ఎందుకు మామా? కిందనే తిరుగు. నీ వయసుకు అదే గొప్ప."

ఆయన నా వైపు కోపంగా చూశాడు. "కొండ దాటాల" అన్నాడు.

ఉదయగిరి కొండ అంటే ఆ ఊరివాళ్ళకు తలెత్తితే కనిపించేది. పైన పాత కోట గోడలు. ఆ కొండ మీది నర్ది చెక్కతోనే ఉదయగిరిలో గరిటెలు, చెంచాలు చెక్కుతారు. మామ వాళ్ళమ్మ అదే పని చేసింది. రోజూ తెల్లవారుజామున కొండెక్కి, చెక్క కొట్టుకుని, మోపు నెత్తిన పెట్టుకుని దిగి వచ్చి, మధ్యాహ్నం నుంచి చెక్కుతూ కూర్చునేది. చిన్నప్పుడు అక్కాతమ్ముళ్ళిద్దరూ కొండ కింద నిలబడి అమ్మ దిగే దారి చూస్తూ ఉండేవారట. "మా అమ్మ నెత్తిన మోపుతో దిగిన కొండరా అది. దాని నెత్తి మీద నేను ఒక్కసారన్నా పోవాల" అన్నాడు మామ. ఎప్పటిలాగే తీర్పు చెప్పినట్టే చెప్పాడు.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పాడు. విమానం నడపాలంటే డాక్టరు చూసి సరే అనాలి. గుండె డాక్టరు ఈసారికి సరే అన్నాడు, వచ్చే పరీక్షకు మాత్రం ఆశ పెట్టుకోవద్దని మొహం మీదే చెప్పేశాడు. ఆ పరీక్ష సంక్రాంతి దాటాక. అంటే ఆ లోపల నూనె చల్లబడితే కొండ దాటతాడు, లేకపోతే లేదు. విషయం ఇంత తేలిగ్గా ఆయన చెప్పిన తర్వాత నేను కాదనడానికి ఏముంది? "చెప్పు మామా, ఏం చేయాల?" అన్నాను.

"నోళ్ళు పెద్దవి చెయ్యి" అన్నాడు.

నాకూ అదే సబబనిపించింది. మా మెట్ట ప్రాంతంలో ఎండకు మాకు తెలిసిన వైద్యం ఒకటే, వాకిలి బార్లా తెరవడం. కౌలింగుకు ముందువైపు, ప్రొపెల్లరుకు అటొకటి ఇటొకటి రెండు నోళ్ళున్నాయి. రెండింటినీ కోసి పెద్దవి చేసి, అంచులు నున్నగా పోసి ఇచ్చాను. పట్టుకుపోయాడు. వారానికి మళ్ళీ ఆటో దిగాడు.

"నీ పని బాగలా. సూది ఆడనే ఉండాది."

"నా పనికేమొచ్చింది మామా? నువ్వు గీసిన గీత మీదనే కోసినాను గదా."

"గీత బాగుండాది. నువ్వు కోసింది బాగలా. ఇంకా పెద్దది చెయ్యి."

చేశాను. కింద గడ్డం దగ్గర ఇంకో నోరు కూడా పెట్టమన్నాడు, పెట్టాను. ఈసారి సూది ఇంకా తొందరగా ఎర్రగీతకు చేరింది. నాకు ఒళ్ళు మండింది. తిరునాళ్ళ ఆర్డర్లన్నీ పక్కన పెట్టి ఈయన ముక్కు కోసుకుంటూ కూర్చుంటే, వచ్చి నా పనికి వంకలు పెడతాడా? "ఇంకా కోస్తే ముక్కు మిగలదు మామా, చెవులు కోసుకోవాల్సిందే" అని గట్టిగా అరిచాను. ఆయన నాకంటే గట్టిగా అరిచాడు. ఎదురుగా పంచరు షాపువాళ్ళు పని ఆపి మరీ విన్నారు. అరుపులన్నీ అయ్యాక ఇద్దరం టీ తాగాం. తాగి, నోటిని ఇంకో అంగుళం పెంచమని చెప్పి బస్సెక్కాడు.

కౌలింగు నా దగ్గరుండగానే దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. గ్రైండరు, డ్రిల్లు, బ్రష్షులు, రెజిన్ డబ్బాలు అన్నీ కడిగి బొట్లు పెడతాం. గిరాకీ వాళ్ళ వస్తువు ఏదైనా షెడ్డులో ఉంటే దానికీ పెడతాం. పండగపూట మన కప్పు కింద ఉన్నదాన్ని బొట్టు లేకుండా వదలడం మా ఆవిడకు నచ్చదు. ఆమె కౌలింగు చుట్టూ ఒకసారి తిరిగింది. నోళ్ళను చూసి వాకిళ్ళనుకుంది. వాకిలికి గడప ఉండాలి కదా. రెండు నోళ్ళ కింది అంచుకూ నూనె కలిపిన పసుపు మందంగా పూసి, దాని మీద వరసగా కుంకం బొట్లు పెట్టింది. చేమంతి దండ కూడా వేసింది.

మర్నాడు మామ రాగానే మా ఆవిడ తనే ఎదురెళ్ళింది. "మామా, ఏమనుకోవద్దు. మీ వస్తువని తెలిసి కూడా చేయి ఆగలేదు. తుడిచేస్తాను" అంది.

"ఎందుకమ్మా తుడిచేది? పెళ్ళికూతురు మాదిరి ఉండాది" అన్నాడు మామ. దండ మాత్రం తీసి ఆమె చేతికిచ్చాడు. "ఇది లోపలికి పోతే ఇంజను తింటాది. కుంకం ఉండనీ. నా విమానానికి ఎవురు ఏం పెట్టినా ప్రేమతోనే గదా పెట్టేది."

ఈసారి నన్ను కూడా రమ్మన్నాడు. నా పని ఎంత అధ్వాన్నంగా ఉందో నా కళ్ళతోనే చూపిస్తాడట. ట్రాలీ ఆటోలో కౌలింగు వేసుకుని, కలిగిరి మీదుగా ఇద్దరం బీడుకు వెళ్ళాం. తొడుగు బిగించాడు. విమానం తోక తాడుతో ట్రాక్టరుకు కట్టాడు. ఎక్కి ఇంజనును పూర్తి వేగంతో నడిపాడు. ఆ దుమ్ములో నాకు కళ్ళు కనిపించలేదు. కాసేపటికి ఇంజను ఆగింది. మామ దిగుతూ దిగుతూనే మొదలుపెట్టాడు. "చూసినావా? సూది ఎర్రగీతలో కూర్చోనుండాది. నీకు ఫైబరు పని నేర్పించినోడు..."

అక్కడే ఆగిపోయాడు. కౌలింగు ముందుకొచ్చి నిలబడి రెండు నోళ్ళనూ మార్చి మార్చి చూశాడు. నేనూ చూశాను. ఎడమ నోటి అంచు మీది కుంకం చారలు చారలుగా సాగి లోపలికి పోయింది. గాలి ఈడ్చుకుపోయిందన్నమాట. కుడి నోటి దగ్గర మాత్రం కుంకం లోపలికి పోలేదు. అంచు దాటి బయటికి పాకి, కౌలింగు బుగ్గ మీద ఎర్రగా పరుచుకుంది. నూనె చల్లార్చే ఆ చిన్న రేడియేటరు ఉన్నది సరిగ్గా ఆ నోటి వెనకే. గాలి పోవలసిన దారిలోంచి గాలి బయటికి వస్తోంది.

మామ నేల మీద వెల్లకిలా పడుకుని కౌలింగు కిందికి దూరాడు. కిందివైపు వెనక, వేడిగాలి బయటికి పోవడానికి ఉన్న సందు దగ్గర చెయ్యి పెట్టాడు. అక్కడినుంచే నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట ఎగిరెగిరి పడుతోంది.

"ఒరే అబ్బయ్యా! దొడ్డివాకిలి లేదురా దీనికి! ముందర వాకిళ్ళు పెంచుకుంటా పోయినాం. పోయేదానికి దారి లేకపోతే వచ్చిన గాలి ఏం చేస్తాది? ఒక వాకిట్లో వచ్చి ఇంకో వాకిట్లో పోతా ఉండాది!"

"మరి తప్పెవరిది మామా?" వదలకుండా అడిగాను. ఇన్నాళ్ళ అరుపులకు నాకూ లెక్క తేలాలి కదా.

"ఇద్దరిదీ" అన్నాడు బయటికి వస్తూ. తల నిండా మట్టి. "నేను తప్పు చెప్పినాను, నిజమే. నేను చెప్పిందాన్ని నువ్వెందుకు ఇనాల?"

క్షమాపణ అనేది ఆయన నోటినుంచి వస్తే ఇలాగే వస్తుంది. నాకు మాత్రం కడుపు నిండిపోయింది.

ఆ తర్వాత పని పరుగెత్తింది. కోసి పెంచిన నోళ్ళను మళ్ళీ పోసి చిన్నవి చేశాను. గడ్డం కింది నోరు పూర్తిగా మూసేశాను. కిందివైపు వెనక సందును వెడల్పు చేశాం. దాని ముందర బయటికి పొడుచుకొచ్చే పెదవి ఒకటి కావాలన్నాడు మామ. బయట పారే గాలి ఆ పెదవిని దాటేటప్పుడు లోపలి వేడిగాలిని కూడా తనతో లాక్కుపోతుందట. ఆ పెదవి పోయడానికి నాకు చెక్క అచ్చు కావాలి. మామ వాళ్ళక్క దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆమెను ఊరంతా ఆపా అనే పిలుస్తారు, ఉర్దూలో అక్క అని. తల్లి నేర్పిన పనే ఇంకా చేస్తోంది. వాకిట్లో కూర్చుని, ముందర చెక్కపొట్టు కుప్ప, చేతిలో ఉలి. మామ గాలిలో చేతులు తిప్పి ఆకారం చెబుతుంటే ఆమె ఆయన వైపు చూడకుండా నాతో మాట్లాడింది. "చిన్నప్పుడు గరిటె చెక్కరా అంటే గోడ దూకి పారిపోయినోడు నాయనా వీడు. ఇప్పుడు ముసలితనంలో నాచేత విమానానికి గరిటె చెక్కిస్తా ఉండాడు."

"గరిటె కాదు ఆపా, పెదవి."

"బోర్లించిన గరిటేలే. నాకు తెలియదా?"

అచ్చు తీసుకుని చూస్తే నిజంగానే బోర్లించిన గరిటె. దాని మీద ఫైబరు పోసి బిగించాను. లోపల ఇంజనుకూ తొడుగుకూ మధ్య గాలి దొంగదారిన పోయే సందులన్నిటినీ పాత సైకిలు ట్యూబులు కోసి అంటించి మూశాం.

ఇక కుంకం సంగతి. మామకు ఆ పద్ధతి ఎంత నచ్చిందంటే, చేసిన ప్రతి మార్పుకూ కౌలింగంతా నూనె కలిపిన కుంకం చుక్కలు పెట్టి, ఎగిరి దిగి, చారలు ఎటు పోయాయో చూసేవాడు. ఆత్మకూరు గుడి దగ్గర కొట్లో పొట్లాలకు పొట్లాలు కొనేవాడు. కొట్టాయన ఉండబట్టలేక నన్ను పట్టుకుని అడిగాడు. "మీ సాయిబు మామ ఏమన్నా దీక్ష పట్టినాడా?" ఉదయగిరిలో దీనికి రెండో అంకం నడిచింది. బీడులో ఎర్రగా ఏవో పూజలు జరుగుతున్నాయని మేకలు కాసేవాళ్ళు చెప్పుకున్నారు. మసీదులో పెద్దాయన ఒకరు పిలిచి మెల్లగా అడిగితే మామ ఆయన్ను స్కూటరు మీద ఎక్కించుకుని బీడుకు తీసుకుపోయి, ఎర్ర చారలన్నీ చూపించి, గాలి ఎలా పారుతుందో చెప్పి, చివరికి ఇంజను మీద చెయ్యి కూడా పెట్టించి పంపించాడట. పెద్దాయన మళ్ళీ ఏమీ అడగలేదు. అడిగితే ఇంకోసారి తీసుకెళ్తాడని భయం కావచ్చు.

కుడి నోటి దగ్గర కుంకం లోపలికి తిరిగిన రోజు మామ ఫోను చేసి "తిరిగిందిరా" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. సూది కూడా మార్పు మార్పుకూ కొంచెం కొంచెం వెనక్కి తగ్గుతూ వచ్చింది. మిగిలింది కొండ.

సంక్రాంతి దాటాక డాక్టరు తను చెప్పినట్టే చేశాడు. మామ మళ్ళీ ఎగరలేదు. అందుకని ఆయన ఎగిరినవాటిలో పండక్కి ముందు కొండకని బయల్దేరిన ఆ ఒక్క ఉదయం గురించే చెప్పి ఆపుతాను. మంచు విడిచి ఎండ అప్పుడే పొడుస్తోంది. బీడు గట్టున నేను, మా ఆవిడ, శాలువా కప్పుకుని ఆపా. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎక్కాడు, దుమ్ము లేపుకుంటూ పోయాడు, లేచాడు.

బీడు చుట్టూ తిరుగుతూ ఒక్కో రౌండుకు ఒక్కో మెట్టు పైకి పోయాడు. ఇదివరకు ఎక్కడ దిగి వచ్చేవాడో నాకు తెలుసు. ఆ ఎత్తు దాటాడు. ఇంజను శబ్దం సన్నబడింది. తర్వాత ముక్కు కొండ వైపు తిప్పాడు. తెల్లటి చుక్క కోట గోడల మీదికి పోయి, అటువైపు దిగినట్టయి కనిపించకుండా పోయింది. శబ్దం కూడా ఆగిపోయింది. ఆపా నా చెయ్యి పట్టుకుంది. ముసలావిడ పట్టు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. నాకు భయం వేసింది. నేను అంటించిన ప్రతి సైకిలు ట్యూబు ముక్కా కళ్ళ ముందు కనిపించింది. కాసేపటికి కొండ ఈ చివరనుంచి చుక్క మళ్ళీ బయటపడింది. మా ఆవిడ గట్టిగా ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి?

దిగాక మామ కాసేపు సీట్లోనే కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా తడిసి ముద్దయింది. కిందికి దిగిన తమ్ముడి దగ్గరికి ఆపా అందరికంటే ముందు చేరింది.

"అమ్మ చెక్క కొట్టిన జాగా కనిపించినాదా?"

మామ బుర్ర గోక్కున్నాడు. "చూళ్ళా ఆపా."

"కోట గోడలన్నా చూసినావా?"

"అదీ చూళ్ళా."

"మరి అంత పైకి పోయి ఏం చూసినావురా?"

"సూది" అన్నాడు మామ. "పోయినప్పటినుంచీ వచ్చేదాకా దాని మీద నుంచి కన్ను తియ్యలా."

నేను నవ్వబోయాను. ఆపా మొహం చూసి ఆగిపోయాను. ఆమెకు నిజంగానే కోపం వచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పండగ దాటితే నిన్ను ఎక్కనియ్యరు గదరా. చేతికి అందిన కొండను చూడకుండా వచ్చినావు. ఇంకెప్పుడు చూస్తావు?"

మామ శాలువా అంచు అందుకుని ఆమె కళ్ళు తుడిచాడు. గొంతులో ఎప్పటి ధీమానే ఉంది.

"కొండను పుట్టినప్పటినుంచీ చూస్తానే ఉండా ఆపా. ఆ సూది కదలకుండా నిలబడింది మాత్రం ఈ పొద్దే చూసినాను."